స్వీడన్‌లో మజ్జిగ దొరుకుతాదా?

'నాయనా, ఆ దేశంలో మజ్జిగ దొరుకుతాదా?'

ప్రొద్దుటూరు పక్కన రాజుపాలెంలో ఓ ఇంటి అరుగు మీద కూర్చోగానే పెద్దమ్మ వేసిన మొదటి ప్రశ్న అది. పక్కనే పెద్దనాయన. కుందూ ఒడ్డున శనగ, పత్తి పండించి కొడుకును ఇంజినీరింగు చదివించిన మనిషి. కొత్త పాస్‌పోర్టును రుమాలులో చుట్టి మరీ తెచ్చి చూపించాడు. కొడుకు, కోడలు, ఆరేళ్ల మనవడు స్టాక్‌హోంలో ఉన్నారు. ఈ వేసవికి వీళ్లిద్దరి ప్రయాణం. పేర్లు రాయొద్దన్నారు. 'ఊర్లో అందరికీ తెలుస్తాది, దిష్టి తగులుతాది' అని పెద్దమ్మ భయం!

ఈ ప్రాంతంలో విదేశం అంటే ఒకప్పుడు కువైటు. తర్వాత అమెరికా. ఇప్పుడు ఆ జాబితాలో స్వీడన్ కూడా చేరింది. పిల్లలు వెళ్లిపోతారు, ఉద్యోగాల్లో కుదురుకుంటారు. ఆ తర్వాత అమ్మానాన్నలను రమ్మంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. విమానం ఎక్కడం తేలికే... దిగాక ఎక్కడ ఎలా మసలుకోవాలో చెప్పేవారే ఉండరు. అందుకే ఈ వారం స్వీడన్ ముచ్చట్లు.

పొడవు ఎక్కువ... జనం తక్కువ

ఐరోపా పటంలో పైన, నార్వేకి ఫిన్లాండ్‌కి నడుమ పడుకున్న పొడవాటి దేశం స్వీడన్. ఆ కొస నుంచి ఈ కొసకు దాదాపు 1,570 కిలోమీటర్లు. ప్రొద్దుటూరు నుంచి ఢిల్లీకి నేరుగా గీత గీస్తే ఎంతో, సుమారుగా అంత! విస్తీర్ణం నాలుగున్నర లక్షల చదరపు కిలోమీటర్ల దరిదాపు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా 2.75 లక్షలే. కానీ అంత పెద్ద దేశంలో ఉండే జనం కోటీ ఆరు లక్షల మంది. మిగిలిందంతా అడవులు, చెరువులు. రాజధాని స్టాక్‌హోం 14 దీవుల మీద కట్టిన ఊరు. ఎటు నడిచినా వంతెన, ఎటు చూసినా నీళ్లు. 'మాకు కుందూలో నీళ్లొస్తే పండగ. వాళ్లకు ఊరంతా నీళ్లేనా!' అని పెద్దనాయన నోరు వెళ్లబెట్టాడు.

రాజు ఉన్నాడు. 1973 నుంచి పదహారవ కార్ల్ గుస్తావ్. అయితే పాలన ఆయనది కాదు, ఎన్నికైన పార్లమెంటుది. కూతురు పెద్దదైతే ఆమెకే పట్టం అంటూ 1980లో వారసత్వ చట్టాన్ని మార్చుకున్నారు. అందుకే ఇప్పుడు యువరాజు కాదు, యువరాణి విక్టోరియా వారసురాలు. 1814 తర్వాత ఆ దేశం యుద్ధం చేయలేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పక్కకు తప్పుకుంది. చివరికి 2024 మార్చిలో నాటో కూటమిలో చేరింది. 1995 నుంచి ఐరోపా సమాఖ్యలో ఉన్నా యూరో మాత్రం వద్దన్నారు. 2003లో జనాన్నే అడిగితే, వాళ్లు 'మా క్రోనానే ఉంచండి' అని ఓటేశారు. కాబట్టి అక్కడ చెల్లేది క్రోనా.

అదీ ఒకప్పుడు కరువు సీమే!

స్వీడన్ అనగానే మనకు డబ్బున్న దేశం గుర్తొస్తుంది. కానీ నూటయాభై ఏళ్ల కిందట దాని కథ మన కథే. 1867లో వసంతం వచ్చినా మంచు కరగలేదు. పైరు ఎదగలేదు. ఆ మరుసటి ఏడాది వానల్లేవు. 1869 దాకా ఆకలి చావులు. చెట్ల బెరడు దంచి పిండిలో కలిపి రొట్టెలు కాల్చుకు తిన్నారు. దాని తర్వాత పదేళ్లు తిరగకుండానే, 1876లో మన సీమను ధాత కరువు పట్టుకుంది.

కరువొస్తే రైతు బిడ్డ ఏం చేస్తాడు? ఊరొదిలి పోతాడు. స్వీడన్‌లోనూ అదే జరిగింది. 1850 నుంచి 1930 వరకు 12 లక్షలకు పైగా జనం అమెరికా ఓడలెక్కారు. 1900 నాటికి ఆ దేశ జనాభా యాభై లక్షలే అని గుర్తుంచుకుంటే ఆ వలస ఎంతటిదో అర్థమవుతుంది. ఇంటికొకరైనా పోయినట్టే. ఉత్తరం కోసం వాకిట్లో ఎదురుచూసిన తల్లులు అక్కడా ఉన్నారు. ఈ మాట చెప్పగానే పెద్దమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. 'అట్లయితే మన కష్టం వాళ్లకు తెలుస్తాదిలే' అంది చివరికి.

మనకు తెలియకుండానే తెలిసిన దేశం

పేరు కొత్తగా ఉన్నా స్వీడన్ మన ఇళ్లలో ఎప్పుడో అడుగుపెట్టింది. అగ్గిపెట్టె పక్కన గీస్తేనే వెలిగే పుల్లకు 1844లో పేటెంటు తీసుకున్నది గుస్తాఫ్ ఎరిక్ పాష్ అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త. మన దేశంలో 1923లో పుట్టిన విమ్కో అగ్గిపెట్టెల కంపెనీ వెనుక ఉన్నదీ స్వీడన్ వాళ్లే. కారులో ఛాతీకి అడ్డంగా పెట్టుకునే సీటు బెల్టును 1959లో తెచ్చింది వోల్వో. సెల్‌ఫోన్ల నడుమ పాటలు, ఫొటోలు పంపించే బ్లూటూత్ ఎరిక్‌సన్‌లో మొదలైంది. మన దేశంలో ఐకియా తొలి దుకాణం తెరిచింది హైదరాబాదులోనే, 2018 ఆగస్టులో.

ఇక నోబెల్ బహుమతి. డైనమైటు కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్ వీలునామా ఫలితం అది. ఆయన వర్ధంతి డిసెంబరు 10న స్టాక్‌హోంలో ఇస్తారు. శాంతి బహుమతి ఒక్కటే నార్వేలో. 1930లో సి.వి.రామన్ ఆ వేదిక మీదే అందుకున్నారు. చిన్నప్పుడు విశాఖలో చదువుకున్న రామనే!

'బోఫోర్సు కూడా వాళ్లదే గదా?' అన్నాడు పెద్దనాయన. నిజమే. 410 శతఘ్నుల ఒప్పందం మీద 1986 మార్చిలో సంతకాలయ్యాయి. ముడుపులు చేతులు మారాయని 1987 ఏప్రిల్‌లో బయటపెట్టింది స్వీడన్ రేడియోనే. వాళ్ల కంపెనీ గుట్టు వాళ్ల రేడియోనే విప్పిందన్నమాట. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ప్రభుత్వ కాగితాలు చూసే హక్కు పౌరులకు ఇస్తూ 1766లోనే చట్టం చేసిన దేశం అది. మనకు సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. అక్కడ పక్కింటాయన ఎంత ఆదాయానికి పన్ను కట్టాడో కూడా అడిగి తెలుసుకోవచ్చు!

ఫీజు లేని చదువు

మనవాళ్లకు ఆ దారి చూపించింది చదువే. స్వీడన్ విశ్వవిద్యాలయాల్లో 2011 వరకు విదేశీ విద్యార్థులకూ ఫీజు లేదు. ఖర్చులకు డబ్బు చూపిస్తే చాలు. ఆ రోజుల్లోనే దక్షిణ తీరాన కార్ల్స్‌క్రోనాలో ఉన్న బ్లెకింగె సాంకేతిక విద్యాసంస్థకు తెలుగు విద్యార్థులు బారులు తీరారు. జేఎన్టీయూతో ఆ సంస్థ ఉమ్మడి కోర్సులు కూడా నడిపింది. 2011 శరదృతువు నుంచి ఐరోపా బయటివారికి ఫీజులు పెట్టడంతో జోరు తగ్గింది. అంతకుముందు వెళ్లినవారిలో చాలామంది అక్కడే స్థిరపడ్డారు. మన పెద్దనాయన కొడుకు కూడా ఆ బాపతే. 'ఫీజు ల్యాకుండా చదువు చెప్తారంటే మోసమేమో అనుకున్యా. మా వోడు మొండికేసి పోయినాడు' అని నవ్వాడు.

రాత్రి పదింటికి ఎండ

వేసవిలో వెళ్లేవారికి మొదట ఎదురయ్యే వింత సూర్యుడే. జూన్‌లో స్టాక్‌హోంలో తెల్లవారు జామున మూడున్నరకే పొద్దు పొడుస్తుంది. రాత్రి పది దాటాక గానీ గుంకదు. ఇంకా పైకి, కిరునా పట్టణానికి వెళ్తే మే చివరి నుంచి జులై మధ్య వరకు సూర్యుడు అస్తమించనే అస్తమించడు. దీపాలు పెట్టే వేళ ఎప్పుడో తెలియక పెద్దమ్మలు తికమకపడాల్సిందే. కిటికీలకు మందపాటి తెరలు వేసుకుని, గడియారం చూసి నిద్రపోవాలి. అదే డిసెంబరులో మధ్యాహ్నం మూడు కాకుండానే చీకటి. అందుకే జూన్‌లో మిడ్‌సొమ్మర్ వాళ్లకు పెద్ద పండగ. పూలూ ఆకులూ చుట్టిన స్తంభం నాటి చుట్టూ ఆడతారు. డిసెంబరు 13న లూసియా పండగ. తల మీద దీపాల కిరీటంతో ఆడపిల్లలు పాడుతూ నడుస్తారు. అది కార్తీక దీపాలను తలపిస్తుంది.

చలికాలంలో వెళ్తే ఇంట్లో ఇబ్బంది లేదు. గోడల్లో గొట్టాల్లో వేడి నీళ్లు పారుతుంటాయి. ఇబ్బందంతా బయట, చలి కన్నా జారుడుతో. గట్టిపడిన మంచు మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం పెద్దవాళ్లకే ఎక్కువ. బూట్ల కింద తగిలించుకునే ఇనుప ముళ్లు దొరుకుతాయి. కొడుకును ముందే కొని ఉంచమనండి.

కిరునా గురించి మరో సంగతి చెప్పాలి. ఆ ఊరి కింద ఇనుప గని ఉంది. తవ్వకాలతో నేల కుంగుతుండటంతో ఊరినే జరుపుతున్నారు. 1912లో కట్టిన 672 టన్నుల కొయ్య చర్చిని 2025 ఆగస్టులో చక్రాల మీద పెట్టి అయిదు కిలోమీటర్ల అవతలికి నడిపించారు. రెండు రోజులు పట్టింది. గండికోట జలాశయం నీళ్లలో తాళ్లప్రొద్దుటూరు మునగడం చూసిన జమ్మలమడుగు జనానికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గుడి వెంట వచ్చినా ఊరు వెంట రాదని కిరునా ముసలివాళ్లూ అంటుంటారట.

అందరూ 'నువ్వే'

మనకు మీరు, నువ్వు, తమరు... ఎన్ని మెట్లో! స్వీడన్‌లో ఒక్కటే మెట్టు. 1967లో బ్రూర్ రెక్సెద్ అనే పెద్ద అధికారి 'ఇకనుంచి ఆఫీసులో అందరినీ నువ్వు అనే పిలుస్తా, నన్నూ అలాగే పిలవండి' అన్నారు. దాంతో అప్పటికే మొదలైన మార్పు ఊపందుకుంది. ఇప్పుడు డాక్టరునైనా మంత్రినైనా పేరు పెట్టి 'దు' అంటారు. అంటే నువ్వు. మనవడి బడిలో పంతులమ్మను పిల్లలు పేరుతో పిలిస్తే పొగరు అనుకోకండి. అది వాళ్ల మర్యాద.

వరసల విషయంలో మాత్రం వాళ్లు అచ్చం మనలాంటి వాళ్లే. ఇంగ్లిషులో తాత ఒక్కడే, నాన్నమ్మా అమ్మమ్మా ఒక్కటే. స్వీడిష్‌లో అలా కాదు. నాన్న 'ఫార్', అమ్మ 'మూర్'. నాన్నకు నాన్న 'ఫర్‌ఫార్', నాన్నకు అమ్మ 'ఫర్‌మూర్', అమ్మకు నాన్న 'ముర్‌ఫార్', అమ్మకు అమ్మ 'ముర్‌మూర్'. మేనమామ, మేనత్తలకూ విడి పేర్లున్నాయి. ఇది వినగానే పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. 'అంటే నేను ఫర్మూరునా!' అని రెండుసార్లు పలికి చూసుకుంది.

మరికొన్ని పద్ధతులు. ఎవరింటికి వెళ్లినా చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి, ఇది మనకు అలవాటే. నాలుగింటికి రమ్మంటే నాలుగుకే వెళ్లాలి, ఇది మనకు అలవాటు లేదు! మందుల షాపులో నంబరు చీటీ తీసుకుని పిలిచేదాకా ఆగాలి. అపార్ట్‌మెంట్లలో బట్టలుతికే గది అందరికీ ఒకటే. ముందుగా వంతు రాసుకోవాలి. ఇంకొకరి వంతులో మన బట్టలు వేస్తే పేచీ ఖాయం. వాహనాలు కుడివైపున వెళ్తాయి. 1967 సెప్టెంబరు 3 వరకు వాళ్లూ మనలా ఎడమవైపే నడిపేవారు. ఒక్క తెల్లవారుజామున దేశం దేశమంతా కుడికి మారిపోయింది. కాబట్టి రోడ్డు దాటేటప్పుడు మొదట ఎడమకు చూడండి.

గట్టు తగాదాలు చూసిన మన రైతులు నమ్మలేని సంగతి ఇంకొకటి. అడవిలో, బీడు భూముల్లో... అవి ఎవరివైనా సరే, ఎవరైనా నడవచ్చు. పండ్లు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. ఒక రాత్రి గుడారం వేసుకోవచ్చు. ఇంటి పెరట్లోకి, పైరులోకి మాత్రం అడుగుపెట్టకూడదు. పాడు చేయకూడదు. దీన్ని సర్వజన హక్కు అంటారు.

మందు సీసాలు మాత్రం ఎక్కడంటే అక్కడ దొరకవు. ఘాటైన మద్యం అమ్మేది దాదాపుగా ప్రభుత్వ దుకాణమే. 20 ఏళ్లు నిండాలి. ఆదివారం మూత. 2019 నుంచి 2024 దాకా మన రాష్ట్రంలోనూ సర్కారే మద్యం దుకాణాలు నడిపింది కాబట్టి ఆ పద్ధతి మనవాళ్లకు కొత్తేమీ కాదు.

మనవడి మీద చెయ్యెత్తితే...

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. పెద్దమ్మకు కొడుకు మీద చిన్న కోపముంది. ఫోన్‌లో ఓ రోజు, 'మనమడు అల్లరి జేస్తే రెండు పీకుతా' అందట నవ్వుతూ. అవతల కొడుకు నవ్వలేదు. 'అమ్మా, ఇక్కడ చెయ్యెత్తగూడదు. నిజంగా చెప్తాండా' అన్నాడట. 'నేను పెంచిన కొడుకే నాకు బుద్ధి చెప్తాండాడు జూడు నాయనా' అని ఆమె నొచ్చుకుంది.

కొడుకు చెప్పింది అక్షరాలా నిజం. పిల్లలను కొట్టడాన్ని ఇంట్లో కూడా నిషేధిస్తూ ప్రపంచంలో మొట్టమొదట చట్టం చేసింది స్వీడనే. 1979 జులై 1న అమల్లోకి వచ్చింది. అందరికీ తెలియాలని పాల డబ్బాల మీద కూడా అచ్చు వేశారు, పొద్దున్నే పాలు పోసుకుంటూ ఇంటిల్లిపాదీ చదువుతారని! తర్వాత ఫిన్లాండ్, నార్వే, డెన్మార్క్ అదే దారి పట్టాయి. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని నిషేధించింది. ఇంట్లో దెబ్బల సంగతి ఆ చట్టంలో లేదు.

ఇది తెలియకనో తేలిగ్గా తీసుకునో చిక్కుల్లో పడినవారున్నారు. 2012 డిసెంబరులో పక్కనే ఉన్న నార్వేలో ఓస్లో న్యాయస్థానం ఓ తెలుగు దంపతులకు కొడుకును హింసించారన్న కేసులో జైలు శిక్ష వేసింది. తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు. అప్పట్లో మన పత్రికల్లో పతాక శీర్షికలయ్యాయి. అది వేరే దేశం, వేరే కేసు. అందులోని మంచిచెడ్డలు కోర్టు తేల్చినవి. మనం గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం ఒకటుంది. ఆ దేశాల్లో బిడ్డ తల్లిదండ్రుల సొత్తు కాదు, అతనూ ఒక పౌరుడు. బిడ్డ ఒంటి మీద దెబ్బ కనిపించినా, కొడుతున్నారన్న అనుమానం వచ్చినా పంతులమ్మ, డాక్టరు ఊరుకోకూడదు. సంక్షేమ అధికారులకు తెలియజేయడం చట్టప్రకారం వాళ్ల విధి. అప్పుడు విచారణ జరిగేది తాతనో నాన్నమ్మనో మాత్రమే కాదు... అమ్మానాన్నలను కూడా.

'మరి కొట్టకుంటే పిల్లోళ్లు మాట ఎట్ల ఇంటారు?' పెద్దమ్మ అడిగింది. జవాబు నేను చెప్పలేదు. అంతవరకూ ఊరికే ఉన్న పెద్దనాయన చెప్పాడు.

'మా వోడు ఆరో తరగతిలో బడెగ్గొట్టి ఏటికి ఈతకు పోయినాడని పలుపుతాడు తీసుకోని కొట్టినా. వాడేమో ఇంజినీరైనాడు. కొట్టినందుకే బాగుపడినాడని ఊర్లో అంటారు. నాకట్ల అనిపీదు. ఆ పొద్దు నుంచి వాడు నాతో ఏదీ చెప్పల్యా. చెప్పాల్సిందంతా వాళ్లమ్మకు చెప్తాడు. మనమడన్నా నాకు చెప్పనీలే.'

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. వీధిలో మోటారు సైకిలు పోయిన చప్పుడు తప్ప.

స్వీడన్ వాళ్లు పిల్లల పెంపకాన్ని ఎంత పట్టించుకుంటారో చెప్పే లెక్క ఇంకొకటుంది. బిడ్డ పుడితే అమ్మానాన్నలిద్దరికీ కలిపి 480 రోజుల వేతన సెలవు. అందులో చెరి 90 రోజులు ఒకరివి ఇంకొకరు వాడుకోవడానికి లేదు. తండ్రులకూ ఈ హక్కు 1974లోనే ఇచ్చారు. బిడ్డను బండిలో తోసుకుంటూ పార్కుల్లో తిరిగే మగవాళ్లు ఎక్కువగా కనిపిస్తే అదీ కారణం. 2024 జులై నుంచి తల్లిదండ్రులు చెరి 45 రోజుల సెలవును తాతకో అమ్మమ్మకో కూడా రాసివ్వచ్చు. అక్కడి సామాజిక బీమాలో ఉన్నవారికే వర్తిస్తుంది కాబట్టి మన ఊరి నుంచి వెళ్లే పెద్దలకు రాదనుకోండి. కానీ తాతల విలువ చట్టంలోకి ఎక్కిందంటే సంతోషమే కదా!

పెట్టెలో ఏం సర్దాలి?

చుట్టాల్ని చూడటానికి వెళ్లేవారికి మామూలుగా ఇచ్చేది షెంగెన్ వీసా. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. ఇది కేవలం కాగితం కోసం అనుకోవద్దు. అక్కడి పౌరులకు చవకగా దొరికే వైద్యం సందర్శకులకు దొరకదు, బిల్లు చేతికొస్తుంది. బీపీ, షుగరు మాత్రలు సరిపడా తీసుకుని, డాక్టరు చీటీ జతచేసుకోండి. అత్యవసరమైతే 112. ఆరోగ్య సలహాకు 1177.

డబ్బు కట్టలు మోయక్కర్లేదు. నోట్లు తీసుకోని దుకాణాలు చాలా ఉన్నాయి. ఐరోపాలో తొలి కాగితపు నోట్లు 1661లో అచ్చేసింది స్టాక్‌హోం బ్యాంకే. అదే దేశం ఇప్పుడు నోటును దాదాపు వదిలేసింది. అక్కడివాళ్లు మన ఫోన్ పేలాగా 'స్విష్' వాడతారు. దానికి స్వీడన్ బ్యాంకు ఖాతా ఉండాలి. అందుకే విదేశాల్లో పనిచేసే కార్డు ఒకటి దగ్గరుంచుకోండి.

తిండి దగ్గరే తల్లుల మనసు నొచ్చుకుంటుంది. ఐరోపా సమాఖ్యలోకి బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడానికి వీల్లేదు. అంటే నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి ఇంట్లోనే దింపాలి. ధ్రువపత్రం లేకుండా పచ్చి కూరగాయలు, పండ్లు, ఆకులు కూడా పనికిరావు. కొబ్బరి, అరటి, అనాస లాంటి అయిదు పండ్లకే మినహాయింపు. అంటే మామిడి పండ్లు, కరివేపాకు కూడా ఇంటి దగ్గరే. మామిడికాయ ఊరగాయ, శనక్కాయల పొడి, కారాలు, చింతపండు గట్టిగా మూతలు బిగించి పెట్టుకోవచ్చు.

'మరి మజ్జిగ?' అంది పెద్దమ్మ, మొదటి ప్రశ్న వదలకుండా.

దొరుకుతుంది! 'ఫీల్' అని పుల్లటి పాలు అట్టపెట్టెల్లో అమ్ముతారు. మన పలచటి పెరుగులాగే ఉంటుంది. వాళ్లు గిన్నెలో పోసుకుని అటుకుల్లాంటివి వేసుకు తింటారు. మనం నీళ్లు పోసి, ఉప్పేసి, పచ్చిమిరపకాయ నంజుకోవచ్చు. సంగటికీ పనికొస్తుంది. పిండి ఇక్కడి నుంచే పట్టుకెళ్లాలి.

పెద్దమ్మ లేచి లోపలికి వెళ్లింది. సర్ది ఉంచిన పెట్టెలోంచి నెయ్యి డబ్బా బయటికి తీసింది. అక్కడే నిలబడి ఒక్క క్షణం దాన్ని చూసుకుంది. తర్వాత నా చేతిలో పెట్టి, 'నువ్వు పట్టకపో నాయనా, వాడికి రాసి పెట్టి లేదు' అంది.

వద్దన్నా వినలేదు. వచ్చేస్తుంటే వెనక నుంచి పిలుపు.

'ఆ ఫర్మూరు కాగితం మీద రాసిచ్చి పో. మనమడు దిగంగానే అడుగుతాడు, నేనెవరో చెప్పాల గదా!'